ఒకచోట యెహోవా, ఇంకోచోట ప్రభువు



పోయిన క్రిస్మస్‌కు హైదరాబాదు నుంచి ఇంటికి వచ్చిన మన సంఘ యువకుడొకడు ఆరాధన అయ్యాక మెట్ల దగ్గర చెప్పులు వేసుకుంటూ మమ్మల్ని ఒక మాట అడిగాడు. పేరు రాయము, మీలో కొందరికి ఎలాగూ తెలుసు. "అయ్యగారూ, యేసు ప్రభువు దేవుడని 325లో ఓట్లు వేసి తేల్చారంట కదా. కాన్‌స్టంటైన్ చక్రవర్తి బిషప్పులను కూర్చోబెట్టి చేయించాడంట. అంతకుముందు ఆయన్ని అందరూ ప్రవక్త అనే అనుకునేవాళ్లంట." ఫోనులో ఎవరిదో వీడియో చూశాడు. ఒకటి కాదు, చాలా చూశాడు.

ఆ రోజు ప్రభువు బల్ల. రొట్టె పళ్లెం తన దగ్గరకు వచ్చినప్పుడు అతను తీసుకోకుండా పక్కవారికి అందించాడు. తల్లి చూసింది. సాయంత్రం వచ్చి మా వసారాలో చాలాసేపు కూర్చుంది. లేచి వెళ్లేటప్పుడు మాత్రం "వాడికి ఏదన్నా చెప్పండయ్యగారూ" అంది.

మేము చెప్పిన మొదటి జవాబు మంచిది కాదు. "ఇవన్నీ సాతాను ప్రశ్నలు బాబూ, విశ్వాసంతో నమ్మాలి" అన్నాము. అతను తల ఊపాడు, మర్నాడు బస్సెక్కి వెళ్లిపోయాడు. నిజాయితీగా అడిగినవాడిని సాతానుతో కలిపి పంపేశామే అని ఆ రాత్రి నిద్ర పట్టలేదు. అందుకే ఈ నాలుగు నెలలూ దొరికినంత చదివాము, తెలిసినవారిని అడిగాము. అతని ప్రశ్నలాంటిది మీలో ఇంకెంతమంది మనసులో ఉందో మాకు తెలియదు గనుక, మాకు దొరికినది ఇక్కడ రాస్తున్నాము. కొంచెం పెద్దదే. ఓపికతో చదవండి.

ముందు నైసియా సంగతి. అది ఇప్పుడు టర్కీ దేశంలో ఇజ్నిక్ అనే ఊరు. 325లో కాన్‌స్టంటైన్ అక్కడికి బిషప్పులను పిలిపించాడన్నది నిజమే. దాదాపు 300 మంది వచ్చారు. 318 అని సంప్రదాయం చెబుతుంది గాని, అది అబ్రాహాము ఇంట పుట్టిన 318 మంది సేవకుల లెక్కను గుర్తుచేసేలా నిలిచిపోయిన సంఖ్య అనిపిస్తుంది. వీడియోలు చెప్పని సంగతి ఒకటుంది. ఆ సభలో "యేసు ప్రవక్తా, దేవుడా?" అనే ప్రశ్నే లేదు. గొడవ మొదలైంది ఐగుప్తులోని అలెక్సంద్రియ సంఘంలో. అక్కడ అరియస్ అనే పెద్ద ఉండేవాడు. ఆయన కూడా క్రీస్తును దేవుడనే పిలిచాడు, ఆరాధించాడు, యుగాలకు ముందే ఉన్నవాడని, సమస్తం ఆయన ద్వారానే కలిగిందని చెప్పాడు. ఒక్కచోట మాత్రం గీత గీశాడు. తండ్రి కుమారుని శూన్యంలోనుంచి కలుగజేశాడు, కుమారుడు లేని స్థితి ఒకటి ఉండేది అన్నాడు. బిషప్పు అలెగ్జాండరు, ఆయన వెంట వచ్చిన అతనాసియస్ అనే యువ డీకను కాదన్నారు. తండ్రి ఎంత నిత్యుడో కుమారుడూ అంత నిత్యుడే, ఇద్దరిదీ ఒకే సారం అన్నారు. సభ దీన్నే ఒప్పుకుంది. సంతకం పెట్టనని చివరివరకూ నిలబడిన బిషప్పులు ఇద్దరే, ఇద్దరూ లిబియా వైపువారు.

అంటే అక్కడ ఓడిపోయిన పక్షం కూడా ఈ వీడియోల "ప్రవక్త" కంటే చాలా ఎత్తైన క్రీస్తునే నమ్మింది. ఈ ఒక్క మాట ఆ రోజు మెట్ల దగ్గర మాకు తెలిసి ఉంటే బాగుండేది.

ఇక చక్రవర్తి బలం సంగతి. ఆయన మాటతోనే అంతా తేలిపోయి ఉంటే 325 తర్వాత అంతా సద్దుమణగాలి. జరిగింది వేరు. కొన్నేళ్లకే కాన్‌స్టంటైన్ మనసు మార్చుకుని అరియస్‌ను వెనక్కి పిలిపించాడు. 335లో అతనాసియస్‌ను దూరంగా పంపేశాడు. 337లో మరణశయ్య మీద ఆయన బాప్తిస్మం పొందింది అరియస్‌కు అండగా నిలిచిన నికొమేదియ బిషప్పు యూసేబియస్ చేతిమీద. తర్వాత ఏలిన కుమారుడు కాన్‌స్టాంటియస్ నైసియా మాటను తుడిచేయాలనే చూశాడు. 359లో ఇటలీలోని అరిమినంలో కూడిన సభకు నైసియా కంటే ఎక్కువమంది, 400 మందికి పైగా బిషప్పులు వచ్చారు. వారు మొదట నైసియా మాటే నిలబెట్టారు. తర్వాత రాజు ఒత్తిడికి లొంగి, "సారం" అన్న మాటను తీసేసిన వేరే ప్రమాణానికి సంతకం పెట్టారు. ఓట్ల లెక్కే ప్రమాణమైతే, రాజు ఇష్టమే ప్రమాణమైతే, ఈ రోజు మనం చదవాల్సింది అరిమినం ప్రమాణం. అతనాసియస్ మొత్తం ఐదుసార్లు ఊరు విడిచి పోవలసి వచ్చింది. ఆయన 373లో చనిపోయేనాటికి ఈ తగాదా ఇంకా తీరలేదు, 381 దాకా సాగింది.

సరే, నైసియాను పక్కన పెడదాం. అసలు ప్రశ్న అంతకుముందుది. మొదటి విశ్వాసులు, వారి చేతుల్లో ఉన్న లేఖనాలు ఏమన్నాయి?

నైసియా ఉన్న రాష్ట్రం పేరు మీకు కొత్త కాదు. బితూనియ. పౌలు అటు వెళ్లబోతే ఆత్మ వెళ్లనివ్వలేదని అపొస్తలుల కార్యములు 16లో చదువుతాం. పేతురు మొదటి పత్రిక రాసింది కూడా పొంతు, బితూనియ మొదలైన చోట్ల చెదిరి ఉన్నవారికి. ఆ బితూనియ, పొంతులకు 112 ప్రాంతంలో ప్లినీ అనే రోమా అధికారి గవర్నరుగా ఉన్నాడు. ప్రతి చిన్న సంగతికీ చక్రవర్తి ట్రాజన్‌కు ఉత్తరం రాసే మనిషి. నైసియా ఊళ్లో కడుతున్న నాటకశాల పూర్తికాకముందే గోడలు బీటలు తీసి కుంగిపోతోంది, బోలెడు డబ్బు పోయింది, ఏం చేయమంటారు అని కూడా రాశాడు. మన మండల ఆఫీసు ఫైళ్లు గుర్తుకొస్తాయి చదువుతుంటే.

అలాంటి ఉత్తరాల్లో ఒకటి క్రైస్తవుల గురించి. వీళ్లను ఎలా విచారించాలో తెలియక, నిజం రాబట్టడానికి ఇద్దరు దాసీలను హింస పెట్టించానని ప్లినీ రాశాడు. సంఘంలో ఆ ఇద్దరూ పరిచారకురాళ్లట. పేర్లు రాయలేదు. విచారణలో ఏం తేలిందో మాత్రం రాశాడు. వీళ్లు ఒక నియమిత దినాన తెల్లవారకముందే కూడుకుంటారు. ఒక దేవునికి పాడినట్టు క్రీస్తుకు పాట పాడతారు. దొంగతనం, వ్యభిచారం చేయమని, మాట తప్పమని ప్రమాణం చేస్తారు. తర్వాత మళ్లీ కలిసి మామూలు భోజనం చేస్తారు. ఇంతే.

ఇది నైసియా సభకు 213 ఏళ్ల ముందు, అదే రాష్ట్రంలో, శత్రువు చేతి రాత. క్రీస్తును గొప్ప చేయాలని ప్లినీకి అవసరమేమీ లేదు. ఆ దాసీలకు కాన్‌స్టంటైన్ తాత ముత్తాతల పేర్లు కూడా తెలియవు. మన సంఘంలో ఆదివారం తెల్లవారుజామున వచ్చి గుడి ఊడ్చి, చాపలు పరిచే అక్కలను చూసినప్పుడు మాకు ఆ ఇద్దరే గుర్తుకొస్తున్నారు ఈ మధ్య.

శత్రువు సాక్ష్యం ఇంకొకటుంది, అది ఎగతాళి. రోమాలో పాలటైన్ కొండ మీద పాత భవనం గోడపై ఎవడో గీసిన బొమ్మ 1857లో బయటపడింది. సుమారు 200 నాటిదంటారు. సిలువ మీద గాడిద తల ఉన్న మనిషి, కింద చెయ్యెత్తి నిలబడిన ఇంకొకడు. అలెక్సమెనోస్ తన దేవుణ్ణి పూజిస్తున్నాడని పక్కన తప్పుల గ్రీకులో రాత. ఆ కుర్రవాడు ఎవరో మనకు తెలియదు. సిలువ వేయబడినవాడిని దేవుడిగా కొలుస్తున్నాడని తోటివాళ్లకు తెలుసు, అందుకే నవ్వారు.

విశ్వాసుల చేతి సాక్ష్యం కావాలంటే ఇశ్రాయేలు దేశంలో మెగిద్దో వద్ద ఉంది. 2005లో అక్కడి జైలు ఆవరణలో తవ్వకాలు జరుగుతుంటే, ఆ పనిలో ఉన్న ఖైదీలకు ఒక రంగురాళ్ల నేల తగిలింది. సుమారు 230 నాటి ప్రార్థనా గది అది. అకెప్తూస్ అనే స్త్రీ ఒక బల్లను దేవుడైన యేసుక్రీస్తుకు జ్ఞాపకార్థంగా సమర్పించిందని ఆ నేలలో రాళ్లతో పేర్చి ఉంది. నైసియాకు ఇంకా 95 ఏళ్లు ఉంది. మన గుడి గోడమీద ఫ్యాను ఇచ్చినవారి పేరు, కుర్చీలు ఇచ్చినవారి పేరు రాసుకుంటాము చూడండి, అలాంటిదే అది.

ఇవన్నీ బయటి సాక్ష్యాలు. ఇప్పుడు లేఖనానికి వద్దాం. మేము ఎక్కువ రోజులు ఆగిపోయింది ఇక్కడే, ఎందుకంటే ఇరవై ఏళ్లుగా వాక్యం చెబుతూ ఈ సంగతి గమనించలేదు.

మీ బైబిలు తీసి యోవేలు 2:32 తెరవండి. ఎవరి నామాన్నిబట్టి ప్రార్థన చేసేవారు రక్షింపబడతారని ఉంది? యెహోవా నామాన్నిబట్టి. ఇప్పుడు రోమా 10:13 తెరవండి. పౌలు అదే వచనం ఎత్తి చూపుతున్నాడు. కాని అక్కడ మీకు యెహోవా కనబడడు, ప్రభువు కనబడతాడు. పైన 9వ వచనంలో ఆ ప్రభువు ఎవరో ముందే చెప్పాడు, యేసు.

మన తెలుగు అనువాదంలో తప్పేమీ లేదు. పాత నిబంధన హెబ్రీ భాషనుంచి వచ్చింది, అక్కడ దేవుని నామం ఉన్నచోట యెహోవా అని పెట్టారు. కొత్త నిబంధన గ్రీకు భాషనుంచి వచ్చింది, అక్కడ క్యూరియోస్ అనే మాట ఉన్నచోట ప్రభువు అని పెట్టారు. కాని పౌలు పత్రికలను మొదట విన్న సంఘాలు పాత నిబంధనను కూడా గ్రీకులోనే వినేవి. యూదులు ఆ పరిశుద్ధ నామాన్ని పైకి పలికేవారు కాదు. గ్రీకులో దాని బదులు వినబడిన మాట క్యూరియోస్. కొన్ని పాత గ్రీకు చుట్టల్లో ఆ నామాన్ని హెబ్రీ అక్షరాల్లోనే ఉంచారన్నది నిజమే. పౌలు మాత్రం ఆ వచనాలను ఎత్తిన ప్రతిచోటా క్యూరియోస్ అనే రాశాడు. కనుక రోమాలోని విశ్వాసికి యోవేలులో వినబడే మాటా, యేసుకు పౌలు పెట్టిన మాటా ఒక్కటే. మనకు రెండు మాటలు. అందుకే ఆ ఉలికిపాటు మన చెవికి తగలదు.

ఇది తెలిశాక ఒకటొకటే కనబడటం మొదలైంది. యెషయా 40:3లో అరణ్యంలో దారి సిద్ధం చేయమన్నది యెహోవాకు. మార్కు తన సువార్త మొదట్లోనే ఆ మాట తెచ్చి, దారి సిద్ధం చేయడానికి యోహానును చూపించి, ఆ దారిన నడిచి వచ్చినవాడిగా నజరేతు యేసును చూపిస్తాడు. మార్కు సువార్తలో యేసు దేవుడని ఎక్కడా లేదంటారు కొందరు. ఆ మాట ఆ రూపంలో లేదు, నిజమే. కాని మొదటి పది వచనాల్లో ఆయన ఏం చేశాడో చూడండి.

యెషయా 45 ఇంకా బరువైనది. విగ్రహాలను ఎగతాళి చేస్తూ, నేను తప్ప వేరే దేవుడు లేడని దేవుడు మళ్లీమళ్లీ చెప్పే అధ్యాయమది. ప్రతి మోకాలూ వంగేది తనకే, ప్రతి నాలుకా ఒప్పుకునేది తననే అని ప్రమాణం చేస్తాడు. ఫిలిప్పీ 2:10-11లో పౌలు ఆ మోకాళ్లనూ ఆ నాలుకలనూ తెచ్చి యేసు నామం ముందు పెట్టాడు. వేరే ఏ అధ్యాయంనుంచి తెచ్చినా ఇంకోలా సర్దుకోవచ్చునేమో. పాత నిబంధన మొత్తంలో దేవునికి సాటి ఎవరూ లేరని అంత గట్టిగా చెప్పిన చోటునుంచి తెచ్చాడు. పైగా అది తండ్రి మహిమార్థమేనని కలిపాడు, తండ్రికి పోటీగా కాదు.

మొదటి కొరింథీ 8 తీసుకోండి. అక్కడి ప్రశ్న విగ్రహాలకు అర్పించిన మాంసం తినవచ్చా అని. పక్కింటివారు ప్రసాదం ఇస్తే ఏం చేయాలని మీరు మమ్మల్ని అడుగుతుంటారే, దాదాపు అదే. దానికి జవాబు చెబుతూ పౌలు ప్రతి యూదుడూ రోజూ పలికే ద్వితీయోపదేశకాండము 6:4ను చేతిలోకి తీసుకున్నాడు. దేవుడు, ప్రభువు, ఒక్కడే అనే మూడు మాటలు అందులో ఉన్నాయి. 6వ వచనంలో ఆ మాటలనే పంచాడు. దేవుడు ఒక్కడే, తండ్రి, సమస్తం ఆయననుంచి. ప్రభువు ఒక్కడే, యేసుక్రీస్తు, సమస్తం ఆయన ద్వారా. ఇద్దరు దేవుళ్లని చెప్పలేదు. ఉన్న ఒక్క దేవుణ్ణి గురించిన మాటలోపలే యేసును చేర్చాడు. మాంసం గురించిన సామాన్యమైన సలహా మధ్యలో, వాదించకుండా, అందరికీ తెలిసిన సంగతిలా రాసేశాడు. అందరికీ తెలియనిదైతే ముందు వాదించి ఒప్పించేవాడు. సున్నతి విషయంలో ఎంత వాదించాడో గలతీ పత్రికలో చూశాం కదా.

ఇవి ఎప్పటివి? కొరింథీయులకు పత్రిక 50ల మధ్యలో రాసినది. సిలువ 30లోనో 33లోనో. పాతికేళ్లు కూడా కాలేదు. ఆ రచయిత దేవుళ్ల కథలు విని పెరిగిన గ్రీకువాడు కాదు, హెబ్రీయుల్లో హెబ్రీయుడు. లుస్త్రలో జనం తనకూ బర్నబాకూ బలి అర్పించబోతే బట్టలు చింపుకుని పరుగెత్తిన మనిషి.

యేసును ప్రభువని ఆరాధించడం గ్రీకు పట్టణాల్లో అన్యజనుల ప్రభావంవల్ల పుట్టిందని 1913లో విల్హెల్మ్ బూసెట్ అనే జర్మన్ పండితుడు వాదించాడు. చాలాకాలం ఆ మాట చెల్లింది. దానికి ఎదురుగా నిలబడేది ఒక్క చిన్న మాట. మొదటి కొరింథీ 16:22లో గ్రీకు పత్రిక మధ్యన పౌలు మారనాథా అని రాశాడు. అది గ్రీకు కాదు, అరామిక్. మా ప్రభువా, రమ్ము అని అర్థం. యూదయ, గలిలయ ప్రాంతాల మొదటి విశ్వాసులు తమ ఇంటి భాషలో చేసిన ప్రార్థన అది. అనువదించకుండా అలాగే కొరింథు చేరింది, మనం ఆమేన్, హల్లెలూయ అన్నట్టు. యెరూషలేము ప్రాంతపు యూదులు చనిపోయి లేచిన యేసును పిలిచి ప్రార్థించారన్నమాట.

మిగతావి త్వరగా చెబుతాము. యోహాను 20లో తోమా ఆయనను ప్రభువని, దేవుడని రెండూ కలిపి పిలిచాడు, ఆయన మందలించలేదు. ఆ రోజుల్లోనే దొమిషియన్ చక్రవర్తి తనను ప్రభువూ దేవుడూ అని పిలిపించుకున్నాడని రోమా చరిత్రకారుడు సుయటోనియస్ రాశాడు, కనుక ఆ సువార్త విన్నవారికి ఆ మాట ఖరీదెంతో తెలుసు. హెబ్రీ 1లో కీర్తనల్లోని మాటలు కుమారునికి వర్తింపజేశారు. రెండో శతాబ్దం మొదట్లో అంతియొకయ బిషప్పు ఇగ్నేషియస్ రోమాకు సంకెళ్లతో పోతూ రాసిన ఉత్తరాల్లో యేసును మన దేవుడని మామూలుగా రాసుకుంటూ పోయాడు.

ఇక్కడ మా తప్పు ఒకటి ఒప్పుకోవాలి.

చాలా ఏళ్ల క్రితం ఒక యౌవనస్థుల కూడికలో మేము ఇంగ్లీషు బైబిలు, 1611 నాటి కింగ్ జేమ్స్ అనువాదం పట్టుకుని మొదటి యోహాను 5:7 చదివాము. పరలోకంలో తండ్రి, వాక్యం, పరిశుద్ధాత్మ ముగ్గురూ ఒక్కటే అని అందులో స్పష్టంగా ఉంది. ఇంతకంటే రుజువేం కావాలన్నాము. డిగ్రీ చదివే అమ్మాయి ఒకతె చెయ్యెత్తి, "అయ్యగారూ, మన తెలుగులో ఆ మాట లేదు" అంది. కూర్చోమన్నాము. ఆ అమ్మాయి చెప్పిందే నిజం. ఆ వాక్యం పాత గ్రీకు ప్రతుల్లో లేదు. లాటిన్ ప్రతులనుంచి వచ్చింది. ఎరాస్మస్ 1516లోనూ 1519లోనూ అచ్చువేసిన గ్రీకు కొత్త నిబంధనలో దాన్ని పెట్టలేదు, 1522లో పెట్టాడు. అక్కడినుంచి ఇంగ్లీషులోకి వెళ్లింది. మన తెలుగు అనువాదకులు దాన్ని వదిలిపెట్టి మంచిపని చేశారు. మొదటి తిమోతి 3:16 కూడా అంతే. ఇంగ్లీషులో దేవుడు శరీరంతో ప్రత్యక్షమయ్యాడని ఉంటే, మన తెలుగులో "ఆయన" అని ఉంది. పాత ప్రతులు తెలుగు వైపే ఉన్నాయి.

కల్తీ రుజువు పట్టుకుని మంచి సత్యాన్ని నిలబెట్టబోతే, కల్తీ బయటపడిన రోజు వినేవాడు సత్యాన్ని కూడా పారేస్తాడు. ఆ అమ్మాయికి ఈ మాట ఇంతవరకూ చెప్పలేదు. ఇది చదివితే మమ్మల్ని క్షమించాలి.

అయితే ప్రతులు అన్నిసార్లూ ఒకేవైపు జరగవు. యోహాను 1:18లో తండ్రి రొమ్మున ఉన్నవాడిని మన తెలుగు అద్వితీయ కుమారుడు అంటుంది. ఐగుప్తులో దొరికిన పాపిరస్ ప్రతుల్లో ఒకటుంది, పండితులు పీ66 అని పిలుస్తారు, దాన్ని సుమారు 200 నాటిదిగా చాలామంది లెక్కిస్తారు. అందులో ఆ చోట కుమారుడు అని లేదు, దేవుడు అని ఉంది. అంటే ఇక్కడ పాత ప్రతి మన అనువాదం కంటే గట్టిగా చెబుతోంది. పౌలు పత్రికలున్న పీ46 కూడా దాదాపు ఆ కాలానిదే. అందులో ఫిలిప్పీ పత్రికా ఉంది, మొదటి కొరింథీ పత్రికా ఉంది. ఇలాంటి పాత ప్రతుల్లో దేవుడు, ప్రభువు, యేసు, క్రీస్తు అనే మాటలను పూర్తిగా రాయరు. రెండు మూడు అక్షరాలు రాసి పైన గీత గీస్తారు. భక్తితో ప్రత్యేకించిన మాటలవి. ఆ గీత తండ్రి పేరు మీద ఎలా ఉందో యేసు పేరు మీదా అలాగే ఉంది. కాన్‌స్టంటైన్ పుట్టక చాలా ముందు, ఎవరో పేరు తెలియని రాతగాడు గీసిన గీత.

ఇప్పుడు కష్టమైన వచనాలు. వీటిని దాటేస్తే మేము మళ్లీ ఆ మెట్ల దగ్గరి పాస్టరులమే అవుతాము. మార్కు 13:32లో ఆ దినం, ఆ గడియ కుమారునికి కూడా తెలియదని ఆయనే చెప్పాడు. యోహాను 14:28లో తండ్రి తనకంటే గొప్పవాడన్నాడు. మార్కు 10:18లో తనను మంచివాడని పిలిచినవాడిని ఆపి, దేవుడొక్కడే మంచివాడన్నాడు. అరియస్ పక్షంవారు ఇలాంటి వచనాలనే ముందుపెట్టారు, వారు కూడా బైబిలు చదివినవారే. ఆయన నిజంగా మనిషి అయ్యాడు, మనిషిగా తెలియనితనాన్ని కూడా స్వీకరించాడు అని అతనాసియస్ జవాబు. మేము దాన్ని నమ్ముతాము. అయినా ఆ జవాబుతో మార్కు 13:32 పూర్తిగా మెత్తబడిందని మాకు అనిపించదు, మెత్తబడాలని కూడా కోరుకోము. మత్తయి 24:36ను నకలు రాసేటప్పుడు కొందరు రాతగాళ్లు కుమారుడు అన్న మాట వదిలేశారు, వాళ్లకూ కష్టంగానే ఉండి ఉంటుంది. మార్కులో మాత్రం అది చెక్కుచెదరకుండా మన దాకా వచ్చింది. క్రీస్తును దేవుణ్ణి చేయడానికి సంఘం గ్రంథాన్ని దిద్దిందనేవారు ఈ వచనం ఎలా మిగిలిందో చెప్పాలి. దిద్దాలనుకున్నవాడు మొట్టమొదట చెరిపేది దీన్నే.

కాబట్టి మా అభిప్రాయం ఇది. తండ్రీ కుమారులది ఒకే సారం అన్న మాట లేఖనంలో లేదు. అతనాసియసే ఒప్పుకున్నాడు, మాట లేదు గాని దాని భావం ఉందన్నాడు. లేఖనం నిర్వచనం చెప్పదు. దేవునికి మాత్రమే చెందిన నామాన్ని, మోకాలును, ప్రార్థనను, సృష్టి చేసిన పనిని యేసుకు ఇస్తుంది. అదే సమయంలో ఆయన తండ్రికి ప్రార్థించాడని, లోబడ్డాడని, ఆకలిగొన్నాడని, ఏడ్చాడని దాచకుండా చెబుతుంది. ఈ రెండూ ఒకే పుస్తకంలో పక్కపక్కనే ఉన్నాయి. నైసియా కొత్త దేవుణ్ణి కనిపెట్టలేదు. ఈ రెంటిలో ఒకదాన్ని ఎవరూ లాగేయకుండా కంచె వేసింది. కంచె పొలం కాదు, అది వేరే సంగతి.

పండితులందరూ ఒప్పుకుంటారా అంటే లేదు. లారీ హుర్టాడో వంటివారు యేసు ఆరాధన మొదటి కొన్నేళ్లలోనే, యూదుల మధ్యే పుట్టిందన్నారు. జేమ్స్ డన్ ఆ మాట దగ్గర ఇంకా జాగ్రత్తగా మాట్లాడాలన్నాడు. బార్ట్ ఎర్మన్ విశ్వాసి కాదు, ఆ నమ్మకం మెట్టుమెట్టుగా పెరిగిందని 2014లో పుస్తకం రాశాడు. కాని ఆ ఎర్మన్ కూడా ఆ మొదటి మెట్టును 325లో పెట్టలేదు. పునరుత్థానాన్ని నమ్మిన మొదటి శిష్యుల దగ్గరే పెట్టాడు.

గుడ్ ఫ్రైడేకు అబ్బాయి ఇంటికి వచ్చాడు. ఈసారి మేమే వాళ్లింటికి వెళ్లాము. ముందు క్రిస్మస్ నాటి మాటకు క్షమాపణ అడిగాము. "ఫర్లేదు అయ్యగారూ" అన్నాడు గాని మా వైపు చూడలేదు. అరుగు మీద కూర్చుని యోవేలు అతని చేత చదివించాము, తర్వాత రోమా చదివించాము. తల్లికి చదువు రాదు, పక్కనే కూర్చుని చింతపండు గింజ తీస్తూ వింటోంది. ఒకచోట యెహోవా ఉంది, ఒకచోట ప్రభువు ఉంది, గ్రీకులో రెండూ ఒకే మాట అని మేము వివరిస్తుంటే ఆమె తలెత్తి, "నేను ప్రార్థనలో రెండూ అంటానుగా, యెహోవా తండ్రీ అంటాను, యేసయ్యా అంటాను" అంది.

"అది తెలియక అంటావులేమ్మా" అని అబ్బాయి నవ్వాడు.

"తెలియకపోతే ముప్ఫై ఏళ్లు అంటానా" అని ఆమె గింజలు చేటలో పోసింది.

తర్వాత కష్టమైన వచనాలు కూడా చదివాము. మార్కు 13:32 దగ్గర అతను చాలాసేపు ఆగాడు. మా జవాబు అతనికి చాలలేదు. చాలలేదని చెప్పాడు కూడా, అది మాకు సంతోషం.

ఈస్టర్ ఆదివారం పళ్లెం ఆ వరుసకు వెళ్లినప్పుడు మేము అటు చూడలేదు. చూడకూడదని ముందే అనుకున్నాము. సోమవారం అతను హైదరాబాదు వెళ్లిపోయాడు. బుధవారం రాత్రి పదకొండు గంటలకు వాట్సాప్‌లో ఒక సందేశం వచ్చింది. యోహాను 17:3, పక్కన ఒక ప్రశ్న గుర్తు, అంతే. జవాబు రాస్తున్నాము. ఇంకా పూర్తికాలేదు.